ఎడమ చేతి ఉంగరపు వేలు

ఆ గుడ్డ పొడవు ఏడడుగులు. వెడల్పు ఎనభై ఏడు అంగుళాలు. మగ్గం మీద నుంచి దిగి ఇంకా రంగు మిల్లుకు పోని గుడ్డను ఇక్కడ గ్రే అంటారు. నలభై నాలుగు అంగుళాల గ్రే గుడ్డ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి కుట్టాను. కుట్టులోకి అటు అరంగుళం, ఇటు అరంగుళం పోయింది. కుట్టింది నేనే కాబట్టి ఈ లెక్కలో తప్పు లేదు.

దాని మీద సిలువ వేయబడిన ప్రభువు బొమ్మ ఉంది. సూరత్‌లో మా తెలుగు సంఘం ప్రార్థన గది ఒక మగ్గాల షెడ్డు పైన ఉంటుంది. ముందు గోడకు, పాస్టరు అయ్యగారు నిలబడే చోటికి వెనక, ఆ గుడ్డ వేలాడుతుంది. కింద మగ్గాలు నడుస్తుంటే నేల అదురుతుంది, గోడ అదురుతుంది, గుడ్డ అదురుతుంది. బొమ్మలోని పక్కటెముకలు ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయి. కుడివైపు ఏడు ఎముకలు కనిపిస్తాయి, ఎడమవైపు ఆరు. నేను కుట్టిన కుట్టు వాటి నడిమధ్యగా దిగుతుంది.

ఆ శరీరం నా భర్తది. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే.

నాకు డెబ్బై ఒకటి నిండాయి. ముప్పై రెండేళ్లు ఇంట్లోనే కూర్చుని గుడ్డ చెకింగ్ చేశాను. షెడ్డు నుంచి చుట్టలు వస్తాయి, వాటిని తాకాలు అంటారు. ఒక్కో తాకాను వెలుతురుకు పట్టి గజం గజం చూడాలి. పోగు తెగిందా, నూనె మరక పడిందా, నేత పలచబడిందా. లోపం దొరికిన చోట గుడ్డను ముట్టుకోకూడదు. దానికి సరిగ్గా ఎదురుగా అంచుకు ఒక ఎర్ర దారం ముడి వేయాలి. తర్వాత చూసేవాడికి ఎక్కడ చూడాలో ఆ దారం చెబుతుంది. లోపం ఉంటే దారం లేకుండా వదలకూడదు, లోపం లేకుంటే దారం కట్టకూడదు. ఈ పని నా చేతికి ఎంతగా అలవాటైందంటే, పెళ్లికి పోయినా ముందు చీర అంచు చూస్తాను, తర్వాత పెళ్లికూతురి మొహం.

నేను బాప్తిస్మం తీసుకుని ఇరవై రెండేళ్లు. ఆయన తీసుకోలేదు. వద్దనలేదు, రాలేదు. ఆదివారం నేను బయలుదేరుతుంటే, "మీ దేవునికి నా నమస్తె చెప్పు" అనేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు మగ్గాల మీద పనిచేశాడు. సూరత్ వచ్చిన ఏడాదికే మగ్గాన్ని తిప్పే బెల్టు పట్టాలో ఎడమ చేయి పడి ఉంగరపు వేలి కొస కణుపు పోయింది. నేను తడిగుడ్డ చుట్టి రిక్షాలో తీసుకుపోతుంటే దారిలో అన్నాడు, "పోనీ, ఇగ ఉంగరం జేపిచ్చుకొమ్మని అడగవు." అప్పుడు నవ్వాను. ఆయన అన్న ప్రతి మాటకూ నవ్వే రోజులవి.

చివరికి నూలు దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది. దీపావళికి ముందు మంచం పట్టాడు. నెల తిరిగేసరికి చొక్కా విప్పితే ఎముకలు లెక్కపెట్టవచ్చు. నేను లెక్కపెట్టాను కూడా, స్నానం చేయిస్తూ. మా కొడుకు హజీరాలో కంపెనీ టౌన్‌షిప్‌లో ఉంటాడు. సెలవు దొరికిన ఆదివారం వచ్చి, తండ్రి మంచం పక్కన కాసేపు కూర్చుని, ఫ్యాను రెక్కలు తుడిచి పోయేవాడు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలైన వారంలో మా సంఘంలోని బొమ్మలాయన ఇంటికి వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి. పాండేసరలో ప్రింటింగ్ మిల్లులో చీరల మీద వేసే పూలు, లతలు పలచని ట్రేసింగ్ కాగితం మీద గీసేవాడు. కంప్యూటర్లు వచ్చాక మిల్లు ఆయన్ను మానిపించింది. మంచి శుక్రవారానికి ప్రభువు బొమ్మ ఒకటి గుడ్డ మీద వేయమని పాస్టరు అయ్యగారు ఆయనకు పని ఒప్పజెప్పారు. ఏదో ఒక పని ఉంటే మనిషి నిలబడతాడని అయ్యగారి ఆలోచన.

మా మందిరంలో అంతకు ముందు బొమ్మ లేదు. ఉత్త చెక్క సిలువ ఒకటి ఉండేది. మా ఆరాధనలో శరీరం అన్న మాట వినబడని ఆదివారం లేదు. రొట్టె విరిచినప్పుడు అది ఆయన శరీరం అంటాం. సంఘమే ఆయన శరీరం అంటాం. చనిపోయిన శరీరాలు తిరిగి లేస్తాయని నమ్ముతున్నాం అని నిలబడి చెబుతాం. అన్నిసార్లు పలికిన దాన్ని కళ్లతో చూడటానికి మాత్రం మాకు జంకు. నేను ఒకసారి ఊళ్లోని క్యాథలిక్ గుడికి పోయి అక్కడి విగ్రహం చూశాను. తెల్లటి ఒళ్లు, నున్నటి మోకాళ్లు, మోకాలి మీద కుంకుమ చుక్కంత రక్తం. అంత బాధ పడిన మనిషికి అంత మంచి తొడలు ఎలా ఉంటాయి అనుకుని బయటికి వచ్చాను. ఎవరితోనూ అనలేదు.

బొమ్మలాయనకూ అదే ఇబ్బంది. నాతో వంటగది గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు.

"పెద్దమ్మా, క్యాలెండర్ల ఏసు మిల్లు మాలిక్ లెక్క ఉంటడు. పాలు నెయ్యి తిన్న ఒళ్లు. దాన్ని జూసి గీస్తె నాకే నమ్మబుద్ధి అయితలేదు."

అంటూ లోపల మంచం వైపు చూశాడు. నాకు అర్థమైంది. కోపం రావాల్సింది, రాలేదు. మా ఆయన్ని ఎవరో అంత శ్రద్ధగా చూస్తామంటున్నారు, అది చాలా రోజుల తర్వాత జరుగుతోంది, అనిపించింది.

నా భర్తను అడిగాం. ఆయన చాలాసేపు దగ్గి, తుడుచుకుని, అన్నాడు, "నన్ను జూసి దేవుణ్ణి గీస్తవా? జర మొఖం మంచిగ గియ్యిరా."

"మొఖం మీది గాదు పెద్దబాపూ. మొఖం వేరే గీస్త. ఒళ్లు ఒక్కటే మీది."

"అంటే తలకాయ ఎవనిదో, ఒళ్లు నాది. మస్తుగుంది. ముప్పై ఎనిమిదేండ్లు చేసింది గదే గద." తర్వాత నా వైపు తిరిగాడు. "ఇరవై రెండేండ్ల సంది రా రా అన్నవు. ఇప్పుడు సీదా గోడకే ఎక్కుతున్న. ఇగ ఊకుంటవా?"

ఒక షరతు పెట్టాడు. సంఘంలో ఎవరికీ చెప్పకూడదు. "ఎవనికన్న తెలిస్తె నా పేరు మీద పాటలు పాడుతరు," అన్నాడు.

సోమవారం మొదలుపెట్టి శనివారం దాకా ఆరు మధ్యాహ్నాలు. పడమటి కిటికీలోంచి వెలుతురు మూడింటికి వస్తుంది. కాళ్లను బొమ్మలాయన, నా భర్త మంచం మీద పడుకుని ఉన్నప్పుడే గీసుకున్నాడు. కాని చేతులు పైకి చాపితే తప్ప పక్కటెముకలు లేచే తీరు తెలియదన్నాడు. మా ఆయనకు చేతులు ఎత్తే శక్తి లేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, నా పాత నూలు చీర చింపి రెండు పేలికలు చేసి, కుడి మణికట్టును కిటికీ ఊచకు, ఎడమ మణికట్టును బట్టల దండెం కట్టే కొక్కేనికి కట్టాను. కట్టింది బొమ్మలాయన కాదు. అతను చేయనన్నాడు. నేను కట్టాను. టేపుతో కొలిచి చెప్పాను, ఆ కొస నుంచి ఈ కొసకు ఐదడుగుల మూడంగుళాలు.

రోజుకు ఇరవై నిమిషాలు అని నేనే నిర్ణయించాను. గోడ గడియారం కింద నిలబడేదాన్ని. మూడు గంటలకు కట్టడం, మూడూ ఇరవైకి విప్పడం. ఐదు రోజులు నిమిషం తప్పలేదు.

ఆరో రోజు ఎడమ చేయి మిగిలింది. మూడూ ఇరవై అయ్యేసరికి మణికట్టు దాకా గీశాడు.

"జర ఆగు పెద్దమ్మా," అన్నాడు కాగితం మీద నుంచి తల ఎత్తకుండా. "వేళ్లు అయినయంటె ఇగ రేపటి సంది రాను."

నేను ఆగాను. నాకూ ఇది ముగిసిపోతే బాగుండు అనిపించింది. మూడూ ఇరవై ఎనిమిదికి నా భర్త, "ఇగ ఇప్పు," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. నేను, "ఇంకొంచెమే," అన్నాను. ఆయన తల ఛాతీ మీదికి వాల్చాడు. మూడూ ముప్పై ఐదుకు విప్పాను. చేతులు రాళ్లలా కింద పడ్డాయి. చల్లగా ఉన్నాయి. మణికట్ల మీద ఎర్రటి గాడులు రెండు రోజులున్నాయి, నూనె రాశాను.

మొత్తం నూటా ముప్పై ఐదు నిమిషాలు. అందులో పదిహేను ఆయన ఒప్పుకోనివి.

ఆ శనివారం తర్వాత పదకొండో రోజు, బుధవారం, శ్రమల దినాల్లో పంతొమ్మిదోది, పొద్దున ఏడుంబావుకు పోయాడు. డాక్టరు ఊపిరితిత్తులు అన్నాడు, ఎప్పుడైనా పోవాల్సిందే అన్నాడు. నేను ఆ పదిహేను నిమిషాల సంగతి డాక్టరుకు చెప్పలేదు. చెప్పకుండా తీసుకున్న సమాధానం ఎంతవరకు సరైనదో నాకు తెలుసు. స్నానం చేయిస్తున్నప్పుడు మణికట్లు చూశాను. ఏమీ లేదు. చర్మం శుభ్రంగా ఉంది.

కొడుకు కొరివి పెట్టాడు. హిందూ పద్ధతిలోనే జరిగింది, జరగాల్సింది కూడా అలాగే. బూడిద తాపీ నదిలో కలిపారు. సంఘంలోని ఆడవాళ్లు వచ్చి నా పక్కన కూర్చున్నారు గాని ఆయన కోసం ప్రార్థన చేయాలా వద్దా తేల్చుకోలేక నాకోసం చేశారు. శరీరం తిరిగి లేస్తుందని నేను నమ్ముతాను. నదిలో కలిసినదాన్ని కూడా దేవుడు పోగుచేయగలడని అయ్యగారు చెప్పారు. నమ్మనివాడి దాన్ని పోగుచేస్తాడా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన పోయిన ఇరవై మూడో రోజు మంచి శుక్రవారం. బొమ్మ వేశాక ఆ గుడ్డను నేను ముందు చూడలేదు. కుట్టి ఇచ్చానంతే. మందిరంలోకి అడుగుపెట్టేసరికి కింద మగ్గాలు నడుస్తున్నాయి, గోడ మీద ఆయన ఊపిరి తీస్తున్నాడు. మొహం ఎవరిదో, గడ్డంతో, కళ్లు మూసుకుని ఉంది. మెడ కింద నుంచి అంతా మా ఇంటి మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే అంగుళం కిందికి ఉండటం, పొట్ట మీద ఆపరేషన్ గీత, చివరికి ఉంగరపు వేలు. మిల్లులో పూలు గీసిన చేయి కదా, ఉన్నది ఉన్నట్టు ఎత్తుకోవడమే దానికి తెలుసు. కణుపు లేని వేలిని కణుపు లేకుండానే గీశాడు. సాయంత్రం దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరిగాయి. నేను ఒక్క మాటా వినలేదు. పక్కన ఒక ముసలామె బొమ్మను చూసి ఏడుస్తూ నా చేయి పట్టుకుంది. ఆమె ప్రభువు కోసం ఏడ్చింది. నేను ఆమె చేతిని వదిలించుకోలేదు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన బొమ్మ దగ్గరికి పోయి కళ్లద్దాలు సర్దుకున్నాడు. సచిన్ అనే పేటలో రంగు మిల్లులో సూపర్‌వైజరు. ప్రతిదీ దగ్గరికి పోయి చూసే మనిషి, ఆ విషయంలో నాకు ఆయనంటే గౌరవమే.

"గీ వేలు ఏంది గిట్లుంది?" అన్నాడు.

బొమ్మలాయన చాపలు చుట్టడం మొదలుపెట్టాడు.

"ప్రభువు మచ్చ లేని గొర్రెపిల్ల. ఆయన ఎముక ఒక్కటి గూడ విరగలేదని వాక్యం. నువ్వు ఏకంగ కణుపే తీసేసినవ్. దేవుణ్ణి గియ్యమంటె షెడ్డుల హమాలీని గీసినట్టుంది."

ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదు. నిజంగానే బాధపడ్డాడు. ఈస్టరు తర్వాతి ఆదివారం లోపల వేలు సరిచేయాలి, లేదంటే గుడ్డ దింపాలి, అని పెద్దలు తీర్మానం చేశారు.

పునరుత్థాన పండుగ మరునాడు, సోమవారం, అయ్యగారు మా ఇంటికి వచ్చారు. వెనకే బొమ్మలాయన. ఆ వేలు ఎవరిదో అయ్యగారికి ఒక్కరికే చెప్పేశాడట. నేను మంచినీళ్లు ఇచ్చాను. అయ్యగారు గ్లాసు పట్టుకుని కిటికీ ఊచల వైపు చూశారు. అది కూడా చెప్పినట్టున్నాడు.

"అమ్మా, నేను పెద్దలకు ఏం చెప్పను?" అన్నారు. "ఆయన ఎవరో చెబితే వేలు సంగతి వదిలేసి, నమ్మనివాడి శరీరం మందిరంలో ఏంటంటారు. గుడ్డ మొత్తం దించేస్తారు. చెప్పకపోతే వేలు పూర్తిచేయాలి. మిగతాదంతా ఉంటుంది."

"లేచిన తర్వాత కూడా ప్రభువు చేతుల్లో మేకుల గాయాలు ఉన్నాయి కదా అయ్యగారూ. శిష్యుడికి చూపించాడు కదా. దేవుడు ఆ గాయాలు మాన్పలేదేం?"

"అవి మన కోసం పడిన గాయాలమ్మా."

"ఈ వేలు మా కోసమే పోయింది. నేనూ, నా కొడుకూ తిన్నాం."

ఆయన గ్లాసును చేతిలో తిప్పారు. మంచి మనిషి. వాదనకు వాక్యం వెతికే రకం కాదు. "ఆయన నమ్మలేదు కదమ్మా," అన్నారు చివరికి, తప్పు తనదే అన్నంత మెల్లగా.

"నమ్మలేదు. వేలాడాడు," అన్నాను.

అయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "నిర్ణయం మీదే. నిజం చెప్పమంటే చెబుతాను."

మంగళ, బుధ, గురు, మూడు రోజులు తీసుకున్నాను. దింపేస్తే గుడ్డ నాకే ఇస్తారు. ఇంట్లో ఎక్కడ వేలాడదీయాలి? ఆ కొక్కెం, ఆ కిటికీ మధ్యలోనా? మడిచి పెట్టెలో పెడితే మడత మడతకూ రంగు పగులుతుంది. గోడ మీదైతే ఏడడుగులూ నిలువుగా ఉంటుంది, వారానికోసారి చూడొచ్చు. ఒక్క కణుపు ఇస్తే శరీరం అంతా మిగులుతుంది. కాని ఆ కణుపే, ఆ శనివారం మూడూ ఇరవైకీ మూడూ ముప్పై ఐదుకీ మధ్య గీసిన చేతి మీదిది. విప్పమన్నప్పుడు విప్పకుండా నేను తెచ్చిపెట్టింది అదొక్కటే. అది చెరిపితే ఆయన్ని ఎందుకు కట్టి ఉంచినట్టు?

శుక్రవారం బొమ్మలాయనకు కబురు పంపాను. "వేలు వెయ్యి," అన్నాను.

"పెద్దమ్మా, పెద్దబాపు ఏమనుకుంటడు?"

"ఆయనకు ఇంకేమనుకునే వీలుంది? నువ్వు వెయ్యి."

శనివారం మధ్యాహ్నం ఇద్దరం మందిరానికి పోయాం. అతను స్టూలు ఎక్కాడు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. కింద మగ్గాల అదురుకు కుంచె నిలవలేదు. ఎడమ చేత్తో గుడ్డను వెనక నుంచి నొక్కిపట్టి, మొద్దుగా ఉన్న చోట కొస గీశాడు, గోరు దిద్దాడు. పదకొండు నిమిషాలు పట్టింది. నా భర్త దగ్గర తీసుకున్న పదిహేనులో పదకొండు అలా పోయాయి. నాలుగు మిగిలాయి, మిగతా వేళ్లలో ఎక్కడో.

అతను కిందికి దిగి కుంచె కడుక్కోవడానికి పోయాక, నేను స్టూలు ఎక్కాను. నా వయసులో ఎక్కకూడదు. సంచిలోంచి ఎర్ర దారం తీసి, గుడ్డ అంచుకు, ఆ వేలికి సరిగ్గా ఎదురుగా, రెండు ముళ్లు వేశాను. ఆయన మణికట్టు తర్వాత నేను కట్టిన మొదటి ముడి అదే.

మరునాడు ఆరాధనకు ముందే సంఘ పెద్ద గుడ్డ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "ఇగ ఇప్పుడు మంచిగుంది," అన్నాడు. తర్వాత ఆయన కన్ను అంచు మీద పడింది. మిల్లు మనిషి, దారం చూస్తే ఆగుతాడు.

"గీ దారం ఎవరు కట్టిన్రమ్మా?"

"నేనే."

"ఏం డిఫెక్ట్ ఉంది?"

"చూడండి," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. దారం దగ్గర నుంచి వేలితో అడ్డంగా గాలిలో గీత గీసుకుంటూ పోయాడు, మేము గుడ్డ చూసేటప్పుడు చేసినట్టే. చేయి దాకా పోయాడు, కొత్త గోరు మీదుగా పోయాడు, భుజం దాటి, కుట్టు దాటి, అవతలి అంచు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"నాకైతె ఏం దొరుకుతలేదు," అన్నాడు. "తీసెయ్యాల్నా?"

"ఉండనివ్వండి."

ఆయన భుజాలు ఎగరేసి పోయి తన చోట కూర్చున్నాడు. అందరం లేచి నిలబడ్డాం. శరీరం తిరిగి లేస్తుందని నమ్ముతున్నాం అని అందరితో పాటు చెప్పాను. అది మొదటి ఆదివారం. ఇప్పటికి ముప్పై నాలుగు అయ్యాయి. దారం ఎరుపు కొంచెం వెలిసింది. ఇంతవరకు ఎవరూ లోపం కనుక్కోలేదు.